కంప్యూటరు తెవులు – దాని చికిత్సా చరిత్ర

సికింద్రాబాదు చెంత బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఒక పాత భవనము కలదు. 1897 ఆగస్టు 20వ తేదీన సైనిక వైద్యుడగు రొనాల్డ్ రాస్ బేగంపేటలో ఒక దోమను కోసి, దాని జీర్ణాశయపు గోడను సూక్ష్మదర్శినితో పరీక్షించుచు అందు మలేరియా క్రిమిని కనుగొనెను. అంతవరకు తరతరములుగా జనులు ఆ జ్వరమునకు చెడుగాలి కారణమని తలచుచుండిరి. మలేరియా అను ఇటాలియను మాటకే చెడుగాలి యని అర్థము. తెవులును మోయునది గాలి కాదు, దోమ యని తేలిన పిదప గాని నివారణకు సరియైన దారి దొరకలేదు. ఆ భవనమునకు నేడు రాస్ పేరే పెట్టబడియున్నది.

రాస్ పరిశోధన జరిగిన తొంబది యేండ్లకు పైబడి, 1990 ప్రాంతమున, దేశమందలి ఇతర నగరములకు వలెనే జంటనగరములకును మరియొక విధమైన తెవులు వచ్చెను. అది మనుష్యులకు గాక కంప్యూటర్లకు సోకునది. దానిని గూర్చియు మొదట చెడుగాలి సిద్ధాంతము వంటి అపోహలే వ్యాపించెను. ఆ రోజులలో కంప్యూటరు గదికి శీతల యంత్రము తప్పనిసరి. చెప్పులు వెలుపలనే విడువవలెనని గుమ్మము ప్రక్కన వ్రాసియుండెడిది. ధూళి వలన ఫ్లాపీలును, వానిని చదువు సున్నితమైన భాగములును చెడును గనుక ఆ నియమము అర్థము లేనిది కాదు. కాని వైరసు అను మాట క్రొత్తగా విన్న విద్యార్థులు పలువురు, ఆ నియమము వైరసు రాకుండుటకే యని నమ్మిరి. చెప్పులు గుమ్మము వద్దనే ఆగిపోయెను. చొక్కా జేబులోని ఫ్లాపీ మాత్రము లోనికి పోయెను. ఈ తెవులునకు దోమ ఆ ఫ్లాపీయే.

ఇచట ఒక సంగతి స్పష్టము చేయవలెను. మలేరియా క్రిమి వైరసు కాదు. అది ఒకే కణము గల పరాన్నజీవి. జీవశాస్త్రములో వైరసనగా తనంత తాను పెరుగజాలక, వేరొక కణములో ప్రవేశించి, ఆ కణపు సాధన సామగ్రితోనే తన నకళ్ళను తయారు చేయించుకొనునది. కంప్యూటరు వైరసునకు ఆ పేరు తగియున్నది. అదియును ఒక ప్రోగ్రామే, అనగా యంత్రము వరుసగా నెరవేర్పవలసిన ఆజ్ఞల పట్టిక. కాని అది వేరొక ప్రోగ్రామునకు అంటుకొని, ఆ ప్రోగ్రాము నడిచినపుడెల్ల తానును నడిచి, తన నకళ్ళను ఇతర ప్రోగ్రాములలో చేర్చును.

తన్ను తాను పునరుత్పత్తి చేసికొను యంత్రము సాధ్యమేనా అను ప్రశ్నను గణితవేత్త జాన్ వాన్ నాయిమన్ 1940 దశాబ్దపు చివరి సంవత్సరములలో తన ఉపన్యాసములలో చర్చించి, సాధ్యమేనని చూపెను. ఆయన 1957లో మరణించెను. ఆ ఉపన్యాసములు ఆర్థర్ బర్క్స్ సంపాదకత్వమున 1966లో గ్రంథరూపము దాల్చెను. 1971లో అమెరికా దేశపు ఆర్పానెట్ అను కంప్యూటర్ల వలలో బాబ్ థామస్ ఒక ప్రోగ్రామును వదలెను. దాని పేరు క్రీపర్. అది ఒక యంత్రము నుండి మరియొక యంత్రమునకు ప్రాకుచు తన ఉనికిని తెలుపు ఒక వాక్యమును ముద్రించుట తప్ప ఏ హానియు చేయలేదు. దానిని వెదకి తొలగించుటకు రే టామ్లిన్సన్ రీపర్ అను మరియొక ప్రోగ్రామును వ్రాసెను. తెవులును మందును ఒకే చోట, ఇంచుమించు ఒకే కాలమున పుట్టినవని దీనివలన తెలియుచున్నది.

ఇంటి కంప్యూటరుకు సోకిన తొలి వైరసులలో ఒకటి 1982లో ఒక పాఠశాల విద్యార్థి చేతిలో పుట్టెను. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమునకు చెందిన రిచర్డ్ స్క్రెంటాకు అప్పటికి పదునైదేండ్లు. తన స్నేహితులను ఆటపట్టించుటకై అతడు ఆపిల్ రెండు అను యంత్రమునకు ఎల్క్ క్లోనర్ అను ప్రోగ్రామును వ్రాసెను. అది సోకిన ఫ్లాపీతో యంత్రమును ఏబదవ పర్యాయము ప్రారంభించినపుడు తెరపై ఒక చిన్న పద్యము కనబడెడిది. మరుసటి సంవత్సరము దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు విద్యార్థి ఫ్రెడ్ కోహెన్ ఈ విషయమును శాస్త్రీయముగా చేపట్టెను. 1983 నవంబరు 10వ తేదీన అతడు వాక్స్ కంప్యూటరుపై చేసిన ప్రయోగములలో అతని ప్రోగ్రాము గంట తిరుగకుండగనే యంత్రముపై సర్వాధికారములను సంపాదించెను. ఒక పర్యాయము అయిదు నిమిషములైనను పట్టలేదు. అటుపిమ్మట అట్టి ప్రయోగములకు అనుమతి నిచ్చుటకు యంత్రముల అధికారులు జంకిరి. వైరసు అను పేరును సూచించినది అతని గురువు లెనార్డ్ ఏడిల్‌మన్.

పెద్ద యంత్రముల ముచ్చట అట్లుండగా, ఇండ్లలోను చిన్న కార్యాలయములలోను వాడు పి.సి. యంత్రములకు తెవులు మన ఉపఖండము నుండియే బయలుదేరెను. 1986లో లాహోరులోని బ్రెయిన్ కంప్యూటర్ సర్వీసెస్ అను సంస్థకు చెందిన బాసిత్, అంజాద్ ఫరూఖ్ ఆల్వీ సోదరులు బ్రెయిన్ అను వైరసును వ్రాసిరి. తాము వ్రాసిన వైద్య సంబంధమైన ప్రోగ్రామును జనులు దొంగతనముగా నకలు చేసికొనుచుండిరనియు, వారిని పట్టుటకే దానిని చేసితిమనియు వారు తరువాత చెప్పిరి. వైరసులోనే వారు తమ పేర్లు, చిరునామా, టెలిఫోను సంఖ్యలు చేర్చిరి. దొంగ తన ఇంటి చిరునామా వ్రాసిన చీటీని వదలిపోయినట్లున్నది గాని, తాము దొంగలమని వారు తలచియుండలేదు. స్వల్పకాలములోనే అమెరికానుండి వారికి టెలిఫోనులు రాసాగెను.

బ్రెయిన్ దాగియున్న చోటు ఎట్టిదో తెలిసికొన్నచో, తరువాతి పదేండ్ల చికిత్సా చరిత్ర యంతయు సులభముగా బోధపడును. కంప్యూటరును వెలిగించినపుడు దానికి ఏమియు తెలియదు. అందు శాశ్వతముగా పొదిగియున్న ఒక చిన్న ప్రోగ్రాము మాత్రము మేల్కొని, ఫ్లాపీలోగాని హార్డు డిస్కులోగాని మొట్టమొదటి గడిని చదువును. దానిని బూటు సెక్టారు అందురు. ఆ గడిలో 512 బైట్లు, అనగా 512 అక్షరములకు చాలు చోటు మాత్రమే యుండును. అందున్న ఆజ్ఞలను యంత్రము మంచి చెడ్డలు విచారింపక నెరవేర్చును. గుడ్డి నమ్మకము వంటిది. బ్రెయిన్ ఈ గడిలో తాను చేరి, అసలు ఆజ్ఞలను ఫ్లాపీలో వేరొకచోట దాచి, ఆ భాగము చెడిపోయినదని గుర్తు పెట్టును. ఎవరైన బూటు సెక్టారును చూపుమని అడిగినచో, అది ముందుగా దాచిన అసలు గడిని తెచ్చి చూపును. తెవులున్న యంత్రమును ఆ యంత్రముతోనే పరీక్షించిన యెడల అది ఆరోగ్యముగనే కనబడునన్నమాట.

యజమాని ఏ చెడ్డ ప్రోగ్రామును నడుపనక్కరలేదు. రాత్రి యంత్రమును ఆపి, ఫ్లాపీని లోపలనే మరచి, మరునాడు వెలిగించినచో చాలును.

ఆనాటి సికింద్రాబాదు కంప్యూటర్లకు క్రొత్త ఊరు కాదు. 1978లో ఐ.బి.ఎం. సంస్థ మన దేశమును విడిచిపోయినపుడు దాని యంత్రముల మరమ్మతు బాధ్యత ప్రభుత్వ సంస్థయగు కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ మీద పడెను. సి.ఎం.సి. అని పిలువబడిన ఆ సంస్థకు సికింద్రాబాదులో పరిశోధనా కేంద్రముండెడిది. 2015లో ఆ సంస్థ టాటా కన్సల్టెన్సీలో విలీనమయ్యెను. 1985లో ఢిల్లీలో మొదలైన రైల్వే రిజర్వేషను ప్రోగ్రామును రూపొందించినది ఆ సంస్థయే. దేశమందలి రిజర్వేషను కేంద్రములను ఒకదానితో ఒకటి కలుపు కాన్సర్ట్ అను ప్రోగ్రాము 1994లో మొదట సికింద్రాబాదుననే నెలకొల్పబడెను. ఈ రైల్వే యంత్రములు వాక్స్ తరగతికి చెందినవి. ఇంటి పి.సి.కి సోకు బూటు సెక్టారు వైరసు వానికి సోకదు. ఏలననగా రెండు యంత్రముల ఆజ్ఞల భాష వేరు. ఒక జాతి యంత్రమునకు వ్రాసిన వైరసు వేరొక జాతి యంత్రములో అర్థము లేని అక్షరముల గుంపు మాత్రమే. కావున స్టేషనులో టిక్కెట్టు యథావిధిగా దొరకుచుండగా, ఆ ప్రక్క వీధిలోని శిక్షణ కేంద్రములో పి.సి. స్తంభించియుండుట ఆ కాలమున సాధ్యమైన దృశ్యమే.

1990లో మన దేశముననే ఒక వైరసు వెలుగులోనికి వచ్చెను. దాని పేరు జోషీ. ఏటా జనవరి 5వ తేదీన అది యంత్రమును నిలిపివేసి, ‘హ్యాపీ బర్త్‌డే జోషీ’ అని టైపు చేయుమని తెరపై కోరెడిది. ఆ మాటలు టైపు చేసినచో యంత్రము మరల నడచును. వినుటకు హాస్యముగ నున్నను, దాని నిర్మాణము మాత్రము హాస్యము కాదు. అది ఫ్లాపీలో సాధారణముగా ఎవరును వాడని ఒక అదనపు వలయమును తానే ఏర్పరచుకొని అందు దాగెడిది. హార్డు డిస్కులోని మొదటి గడిని ఆక్రమించెడిది. అన్నిటికంటె గడుసుతనము వేరొకటి కలదు. యంత్రమును తిరిగి ప్రారంభించుటకు ఆ రోజులలో మూడు మీటలను ఒకేసారి నొక్కుట వాడుక. జోషీ ఆ మీటల నొక్కుడును కనిపెట్టి, యంత్రము మరల ప్రారంభమైనట్లు నటించి, తాను మాత్రము జ్ఞాపకశక్తిలో పదిలముగ నిలిచియుండెడిది.

ఈ నటన తెలిసిన పిమ్మటనే చికిత్సలోని మొదటి సూత్రము స్థిరపడెను. మూడు మీటలు నొక్కుట చాలదు, విద్యుత్తును పూర్తిగా ఆపివేయవలెను. కొన్ని క్షణములాగి, శుభ్రమైనదని నిశ్చయముగా తెలిసిన ఫ్లాపీతో యంత్రమును మేల్కొలుపవలెను. అట్లు చేసినచో వైరసు హార్డు డిస్కుపై నిదురించుచుండును గాని, జ్ఞాపకశక్తిలో మేల్కొని మోసము చేయజాలదు. అప్పుడు మాత్రమే పరీక్ష నమ్మదగినది. ఆ శుభ్రమైన ఫ్లాపీకి సైతము తెవులు సోకకుండ దాని అంచునందలి గంటును చిన్న కాగితపు పట్టీతో అతికించి మూయుచుండిరి. తరువాత వచ్చిన చిన్న ఫ్లాపీలలో ఒక బిళ్ళను జరిపిన చాలును. గంటు మూసియున్న ఫ్లాపీపై వ్రాయుటకు డ్రైవు యంత్రమే నిరాకరించును. అది లోహముతో, కాంతితో జరుగు పని. ఏ ప్రోగ్రామును దానిని మాటలతో ఒప్పింపజాలదు. పావలా విలువ చేయని ఆ పట్టీ చేసిన రక్షణను ఖరీదైన ప్రోగ్రాములు పెక్కు చేయలేకపోయెనని చెప్పిన అతిశయోక్తి కాదు.

తెవులును గుర్తించు పద్ధతి మొదట సులభమైనది. ప్రతి వైరసులోను దానికే ప్రత్యేకమైన బైట్ల వరుస యుండును. వ్రేలిముద్రల వలె వానిని సేకరించి, డిస్కులోని ప్రతి ఫైలులోను వెదకినచో చాలును. ఇది తెలిసిన వైరసులకు మాత్రమే పనికివచ్చును. 1990 నుండి తన రూపమును ప్రతి నకలులోను మార్చుకొను వైరసులు రాగా ఈ పద్ధతి కుంటువడెను. ఎన్నటికిని తప్పని పరీక్ష యొకటి కనుగొనరాదా యని ఎవరికైన తోచును. కనుగొనజాలమని కోహెన్ 1980 దశాబ్దములోనే నిరూపించెను. ఆ నిరూపణ ఉన్నత పాఠశాల విద్యార్థులకును అందునంత సరళమైనది.

ఏ ప్రోగ్రామునిచ్చినను అది వైరసగునో కాదో తప్పక చెప్పగల పరీక్షకుడు ఒకడు కలడనుకొందము. ఇప్పుడు ఒక కొంటె ప్రోగ్రామును వ్రాయుదము. అది మొట్టమొదట ఆ పరీక్షకుని పిలిచి, ‘నేను వైరసునా?’ అని అడుగును. అవునని జవాబు వచ్చినచో ఏమియు చేయక ఊరకుండును. కాదని వచ్చినచో వెంటనే ఇతర ప్రోగ్రాములలో తన నకళ్ళను చేర్చును. పరీక్షకుడు అవుననినచో అది ఎన్నడును వ్యాపింపదు గనుక వైరసు కాకపోయెను. కాదనినచో వ్యాపించును గనుక వైరసాయెను. ఏ జవాబు చెప్పినను అతడు తప్పుచెప్పినవాడే. కావున అట్టి పరీక్షకుడు ఉండజాలడు. 1936లో ఆలన్ ట్యూరింగ్ కంప్యూటర్ల పరిమితులను గూర్చి చేసిన నిరూపణకు ఇది దగ్గరి చుట్టము. ‘నూటికి నూరు పాళ్ళు రక్షణ’ అని అట్టపెట్టెపై అచ్చు వేయువారు ఈ సంగతి నెరుగనివారో, ఎరిగియు చెప్పనివారో!

చికిత్స తెలిసిన పిదప తొందరపాటు మొదలయ్యెను. ఈ చరిత్రలో మిక్కిలి శ్రద్ధగా చదువవలసిన భాగమిదియే. ఎం.ఎస్. డాస్ అను నిర్వహణ ప్రోగ్రాములో ఎఫ్‌డిస్క్ అను సాధనముండెడిది. దానిని ఒక ప్రత్యేకమైన గుర్తుతో నడిపినచో హార్డు డిస్కులోని మొదటి గడియందలి ఆజ్ఞలను క్రొత్తగా వ్రాసిపెట్టును. వైరసు ఉన్నది ఆ ఆజ్ఞలలోనే గనుక, ఒక్క దెబ్బతో అది తుడిచిపెట్టుకొనిపోవును. జోషీ వంటి పలు వైరసులకు ఈ మందు పనిచేసెను. చిట్కా నోటినోట వ్యాపించెను. మరమ్మతు నేర్చిన ప్రతి కుఱ్ఱవాడును దానినే ప్రయోగించుచుండెను.

అంతలో 1991 ప్రాంతమున కెనడా దేశములో మంకీ అను వైరసు బయలుదేరెను. హార్డు డిస్కు ఎన్ని భాగములుగా విభజింపబడినదో తెలుపు పట్టిక మొదటి గడియందే యుండును. మంకీ ఆ గడి నంతను రహస్య లిపిలోనికి మార్చి వేరొకచోట దాచెడిది. వైరసు నడచుచున్నంతకాలము అది అసలు పట్టికను విప్పి యంత్రమునకు చూపుచుండును గనుక యజమానికి ఏ లోపమును కనబడదు. శుభ్రమైన ఫ్లాపీతో మేల్కొలిపినచో హార్డు డిస్కే లేదని యంత్రము చెప్పును. అప్పుడు బెదరి ఎఫ్‌డిస్క్ ప్రయోగించినచో వైరసు పోవును, పట్టికయు దొరకదు. రోగముతోబాటు రోగియు పోయినట్లు! ఆల్బెర్టా విశ్వవిద్యాలయమునకు చెందిన టిమ్ మార్టిన్ కిల్‌మంక్ అను చిన్న ప్రోగ్రామును వ్రాసెను. అది దాచిన గడిని వెదకి, లిపిని విప్పి, మరల స్వస్థానమున నిలిపిన పిదప గాని వైరసును తొలగింపదు.

1994లో వచ్చిన వన్ హాఫ్ ఇంకను ఘోరమైనది. అది యంత్రమును వెలిగించిన ప్రతిసారియు హార్డు డిస్కును చివరి నుండి కొంచెము కొంచెముగా రహస్య లిపిలోనికి మార్చుకొనుచు పోవును. లిపిని విప్పు తాళపుచెవి వైరసు లోపలనే యుండును. కావున నెలల తరబడి తెవులున్నను యజమానికి తెలియదు. అతడు అడిగిన ఫైలును వైరసే విప్పి ఇచ్చుచుండును. తెలిసిన వెంటనే తుడిచివేసినచో తాళపుచెవియు పోవును. అప్పటివరకు మారిన భాగమంతయు, బిడ్డ వ్రాసిన పాఠముగాని, దుకాణపు లెక్కలుగాని, ఎవరికిని చదువరాని గీతలుగా మిగులును. దీనికి తగిన చికిత్స వైరసు ఇంకను బ్రదికియుండగనే దాని నుండి తాళపుచెవిని రాబట్టి, డిస్కు నంతను విప్పి, చివరకు దానిని చంపుట. శత్రువును పట్టుకొని, సొమ్ము దాచిన చోటు చెప్పించిన పిమ్మటనే శిక్షింపవలెనన్నమాట. వైరసును గుర్తించుట వేరు, దానిని తొలగించుట వేరు, పోయినదానిని రాబట్టుట వేరు. ఈ మూడింటిని ఒకటిగా తలచినందువలన నష్టపోయినవారు, వైరసు నేరుగా చేసిన హాని వలన నష్టపోయినవారికంటె తక్కువ యుండరు.

భయము సైతము ఒక తెవులే. 1992 మార్చి 6వ తేదీన మైకెలాంజెలో అను వైరసు లక్షల కొలది యంత్రములను నాశనము చేయునని పత్రికలన్నియు ఘోషించెను. యాబది లక్షలని సైతము అంచనాలు వచ్చెను. ఆ దినమున నిజముగా చెడినవి కొన్ని వేలు మాత్రమే. కాని ఆ కలవరము వలన ఒక మేలు జరిగెను. పుణెలో కైలాస్ కాట్కర్ అను యువకుడు మరమ్మతు దుకాణము నడుపుచుండెను. బాగుచేయుటకు వచ్చిన యంత్రములలో వైరసులు కనబడుచుండగా, అతని తమ్ముడు సంజయ్ మైకెలాంజెలో వంటి వానిని తొలగించు ప్రోగ్రాములను వ్రాసెను. 1995లో అవి క్విక్ హీల్ అను పేర వెలువడెను. మన ఇండ్లకు పరిచయమైన ఆ మందు మరమ్మతు బల్లపై పుట్టినది.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశమున ప్రజలకు ఇంటర్నెట్టును అందుబాటులోనికి తెచ్చుటతో ఫ్లాపీకి తోడుగా టెలిఫోను తీగయు వాహకమయ్యెను. 1999 ఏప్రిల్ 26న తైవాను విద్యార్థి చెన్ ఇంగ్-హౌ వ్రాసిన సి.ఐ.హెచ్. వైరసు ఆసియా దేశములలో పెక్కు యంత్రములను మూగవానిని చేసెను. అది హార్డు డిస్కు మొదటి భాగమును సున్నలతో నింపుటయే గాక, యంత్రమును మేల్కొలుపు ఆ శాశ్వత ప్రోగ్రామును సైతము చెరిపివేయజూచెను. ఆ చిన్న చిప్పును మార్చిన గాని కొన్ని యంత్రములు తిరిగి వెలుగలేదు. మరుసటి మే నెలలో ఫిలిప్పైన్సు నుండి వెలువడిన ప్రేమలేఖ వైరసు ఉత్తరము రూపమున వచ్చి, తెరచినవారి చిరునామా పుస్తకములోని వారందరికిని తన్ను తాను పంపుకొనెను. దానిని వ్రాసిన యువకుని శిక్షించుటకు ఆ దేశమున చట్టమే లేకపోయెను. మన దేశములో సమాచార సాంకేతిక చట్టము 2000 అక్టోబరు 17న అమలులోనికి వచ్చెను. దాని 43వ విభాగము, యజమాని అనుమతి లేక కంప్యూటరులో వైరసును ప్రవేశపెట్టుటను స్పష్టముగా పేర్కొని, వైరసు అను మాటకు నిర్వచనము నిచ్చినది.

ఆ తరువాతి వాహకము పెన్‌డ్రైవు. సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు కంప్యూటరు విడిభాగములకును, మరమ్మతులకును జంటనగరములలో పేరుపొందిన అంగడి. ఆటోలో కంప్యూటరు పెట్టెను ఒడిలో పెట్టుకొని అట్టి అంగళ్ళకు పోవుట మధ్యతరగతి కుటుంబములకు అలవాటైన పని. ‘ఫార్మాట్ కొట్టించుట’ అను పలుకుబడి ఆ విధముగనే తెలుగులో స్థిరపడెను. డిస్కు నంతను తుడిచి, సమస్తమును మొదటి నుండి వ్రాయుటయే దాని అర్థము. తుడిచిన డిస్కులో వైరసు మిగులదు, నిజమే. కాని ఇంటికి తెచ్చి పాత పెన్‌డ్రైవును మరల గ్రుచ్చినచో ఆ సాయంకాలమునకే తెవులు తిరిగి వచ్చెడిది. పెన్‌డ్రైవు తగిలింపగనే అందున్న ప్రోగ్రామును తనంత తాను నడుపు సదుపాయము విండోసులో ఉండుటయే ఇందుకు కారణము. 2008 నవంబరులో బయలుదేరిన కాన్‌ఫికర్ ఈ దారిని బాగుగ వాడుకొనెను. పాఠశాలలలోను నెట్ కేంద్రములలోను సంచుల బొమ్మలు వేసికొన్న నకిలీ ఫైళ్ళు కనబడి, అసలు సంచులు మాయమగుట ఉపాధ్యాయులు పలువురు ఎరిగినదే. అవి పోలేదు, దాచబడినవి మాత్రమే. దాచిన ఫైళ్ళను చూపుమని యంత్రమును అడిగినచో బయటపడును. ఆ సంగతి తెలియక ఎందరి ప్రాజెక్టు పనులు ఫార్మాటులో కలిసిపోయెనో! 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్టు పాత విండోసులలో సైతము పెన్‌డ్రైవులకు ఈ సదుపాయమును తొలగించెను. బూటు సెక్టారు పట్ల గుడ్డి నమ్మకము ఎట్టిదో, ఇదియు అట్టిదే.

ఈనాటి తెవులు తెరపై పద్యములు చూపదు. అది నిశ్శబ్దముగా సంకేత పదములను, బ్యాంకు వివరములను దొంగిలించును. లేదా ఫైళ్ళకు తాళము వేసి సొమ్ము అడుగును. కావున చికిత్సయు కొంత మారెను. అనుమానము కలుగగనే ఇంటర్నెట్టు తీగను ఊడదీయుట మొదటి పని. ఆ యంత్రమును నమ్మక, వెలుపలి నుండి మేల్కొలిపి పరీక్షించుట రెండవది. ఇది జోషీ నాటి సూత్రమే. అప్పటి ఫ్లాపీకి బదులు ఇప్పుడు వేరొక శుభ్రమైన కంప్యూటరులో తయారుచేసిన పెన్‌డ్రైవు వాడుదురు. విండోసుతోబాటు వచ్చు డిఫెండరులో సైతము, విండోసు లేవకముందే పరీక్షించు ఏర్పాటు కలదు. ఫోటోలు, పత్రములు వేరుగా నకలు తీసి, ప్రోగ్రాములను మాత్రము నకలు తీయక, అవసరమైనచో అప్పుడు ఫార్మాట్ చేయవచ్చును. సంకేత పదములను మార్చుట వేరొక యంత్రము నుండియే జరుగవలెను. తెవులున్న యంత్రముపై మార్చిన క్రొత్త పదమును దొంగ ఆ క్షణముననే తెలిసికొనును.

2017 మే 12న వన్నాక్రై అను పురుగు ప్రపంచమంతట వ్యాపించి, రెండు లక్షలకు పైగా యంత్రములలోని ఫైళ్ళకు తాళము వేసి, ఒక్కొక్క యంత్రమునకు 300 డాలర్ల విలువగల బిట్‌కాయినులను కోరెను. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాల పోలీసు కార్యాలయములలోని కంప్యూటర్లును దాని వాత పడెను. అది ప్రవేశించిన సందును మూయు సవరణను మైక్రోసాఫ్టు మార్చి 14వ తేదీననే విడుదల చేసియుండెను. రెండు నెలల వ్యవధి యున్నది. సవరణను చేర్చుకొనిన యంత్రములలోనికి ఆ సందు గుండ పురుగు రాజాలలేదు. 2025 అక్టోబరు 14తో విండోసు పదికి మైక్రోసాఫ్టు సాధారణ ఉచిత సవరణలు నిలిచిపోయిన సంగతిని ఈ సందర్భమున ఇంటి యజమానులు గమనింపవలెను.

2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము సైబర్ స్వచ్ఛతా కేంద్రమును ప్రారంభించెను. తెవులు సోకిన యంత్రముల జాడలను కనిపెట్టి, ఇంటర్నెట్టు అందించు సంస్థల ద్వారా యజమానులకు తెలియజేయుట, శుభ్రపరచు సాధనములను ఉచితముగా ఇచ్చుట దాని పని. ఆ కేంద్రము ద్వారా అందింపబడిన సాధనములలో పెన్‌డ్రైవులను అదుపు చేయు యు.ఎస్.బి. ప్రతిరోధ్, చేతి ఫోనులకు ఎం-కవచ్ హైదరాబాదులోని సి-డాక్ కేంద్రములో రూపొందినవి.

తాళము వేయు వైరసులలో టెస్లాక్రిప్ట్ అనునది 2015లో వచ్చెను. అది పత్రములతోబాటు ఆటలకు సంబంధించిన ఫైళ్ళను సైతము పట్టుకొనెడిది గనుక ఇంటి కంప్యూటర్లు పెక్కు దాని వాత పడెను. సొమ్ము చెల్లింపనివారిలో కొందరు విసిగి డిస్కును తుడిచివేసిరి. కొందరు తాళము పడిన ఫైళ్ళను అట్లే ఒక మూల భద్రపరచిరి. 2016 మే నెలలో ఆ వైరసును నడుపు ముఠా తన వ్యాపారమును మూసివేయుచుండెను. అది గమనించి ఈసెట్ అను వైరసు నిరోధక సంస్థకు చెందిన పరిశోధకుడు ఒకడు, అన్ని తాళములను విప్పు మూలపు తాళపుచెవిని ఇచ్చెదరా యని ముఠాను వారి సొంత పుటలోనే అడిగెను. వారు దానిని బహిరంగముగా ప్రకటించిరి. కొన్ని దినములలోనే ఉచితముగా విప్పు ప్రోగ్రాములు వెలువడెను. ఫైళ్ళను దాచుకొనినవారికి అవి మరల దొరకెను.